బతికున్న పాఠకుడికి నివాళి

పలమనేరులో ఎవరింట్లో కంప్యూటరు మొండికేసినా మొదట తలుచుకునేది మునిశేఖర్‌నే. బస్టాండు వెనక సందులో అతని రిపేరు అంగడి. బాగుచేసి పంపే ప్రతి కంప్యూటరులోనూ అడగకుండానే నాలుగైదు ఎక్స్‌టెన్షన్లు తగిలించి పంపేవాడు. ఇంటర్నెట్టు చూసే బ్రౌజరుకు అమర్చుకునే చిన్న చిన్న పనిముట్లు అవి. ప్రకటనలు రాకుండా అడ్డుపడేది ఒకటి, ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు పడేది ఒకటి, చత్వారం వచ్చినవాళ్లకు అక్షరాలు పెద్దవి చేసి చూపేది మరొకటి. "ఉత్తగా వచ్చేవే సార్ ఇవన్నీ. పెట్టుకుంటే పోయేదేముండాది?" అనేవాడు. జనం కూడా అతన్ని పనివాడని కాక, మేలు కోరేవాడని చెప్పుకునేవాళ్లు.

అతని భార్య ప్రసన్నకుమారి రాయడం మొదలుపెట్టింది అలాంటి ఒక పనిముట్టు వల్లనే. కరోనాకు అంగడి మూతపడిన రోజుల్లో ఎవరో వదిలేసిన పాత లాప్‌టాప్‌ను బాగుచేసి, అందులో తెలుగు కొట్టే ఎక్స్‌టెన్షన్ వేసి, భార్య ముందు పెట్టాడు.

"మీ ఊరి కతలు నాకు చెప్తా ఉంటావు గదా, అవే రాసుకో. పొద్దు పోతాది."

ఆమె రాసింది. బైరెడ్డిపల్లె దగ్గర పుట్టింటి సంగతులు, ఆవుల ఈతలు, రాగి నూర్పిళ్లు, పట్టుపురుగుల గదిలో అవ్వతో పాటు మేలుకున్న రాత్రులు. వాటికి మునిశేఖరే ఒక బ్లాగు తెరిచి ఇచ్చాడు. పేరు మాత్రం ఆమె పెట్టుకుంది, 'పెరటి గుమ్మం' అని.

మొదట చదివింది చుట్టాలు. చదివామని చెప్పడానికి రెండు చేతులూ జోడించిన బొమ్మలు పెట్టేవాళ్లు. చుట్టం కానివాడు, మొదటిసారి మాటల్లో మాట్లాడినవాడు సత్యవేడు పెంచలయ్య. పట్టుపురుగుల మీద ఆమె రాసినదాని కింద ఆయన ఇలా రాశాడు:

"అమ్మా, పురుగులు ఆకు మేసే చప్పుడు వానచప్పుడు మాదిరి ఉంటాదని రాసినావు. అది నాకు ఈడ వినపడినాది. ఆ తర్వాత మీ యవ్వ కండ్లనీళ్లు పెట్టుకున్నాదని రాసినావే, ఆ నీళ్లు మీ యవ్వవి కాదు, నువ్వు తెచ్చి పెట్టినవి. తీసెయ్."

ప్రసన్నకుమారికి ముఖం మీద కొట్టినట్టయింది. ఎవరీ మనిషి, మా అవ్వ సంగతి ఇతనికేం తెలుసు అని లోపల్లోపల ఉడికిపోయింది. ఉండబట్టలేక సాయంత్రం తల్లికి ఫోను చేసింది.

"అమ్మా, ఆ యేడు పట్టుగూళ్లన్నీ పాడైపోయినప్పుడు అవ్వ ఏడ్చినాదా?"

"ఏడ్చేదానికి తీరికేడ ఉండాది మే? పొద్దన్నే తట్టలన్నీ కడిగి ఎండబెట్టినాది," అంది తల్లి.

ఆమె లాప్‌టాప్ తెరిచి కన్నీళ్లు తీసేసింది. తట్టలు కడిగి ఎండబెట్టిందని రాసింది. చదువుకుంటే అదే బాగుంది. "తీసేశానండీ" అని పెంచలయ్యకు జవాబిచ్చింది.

అప్పట్నుంచి ఆమె ఏం రాసినా ఆ పెద్దాయన మాట కోసం ఎదురుచూడడం అలవాటయింది. రాసుకునేటప్పుడే, ఇక్కడ పెంచలయ్యగారు పట్టుకుంటారు అని తెలిసిపోయేది. ఆయన మాటల్ని బట్టి ఆమెకు తెలిసింది ఇంతే: వయసు డెబ్బై దాటింది, వరి, శనగ పండించే కుటుంబం, గట్టు మీద జారి పడి కాలు విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకున్నాడు, కట్టు విప్పినా నడక కుదరలేదు, కోడలి టాబ్లెట్టులో చదువుకుంటూ ఇంట్లోనే కూర్చుంటున్నాడు. ఒక్కొక్క అక్షరం వేలితో వెతుక్కొని కొడతానని ఒకసారి రాశాడు. ఫోను నంబరు ఆయన ఇవ్వలేదు, ఈమె అడగలేదు.

ఆ మరుసటి ఏడు ఆమె ఒక సంగతి రాసింది. పుట్టింట్లో ఆడపిల్లలు బయట చేరినప్పుడు పశువుల కొట్టం పక్కన రేకుల పంచలో పడుకోవాల్సి వచ్చేదని, వానాకాలం ఒక రాత్రి ఆమె పక్క మీదికి తేలు పాకిందని. అది ఎవరు ఎక్కడికి పంచారో, మూడు రోజుల్లో ముక్కూ ముఖం తెలియనివాళ్లు వందల మంది వచ్చి పడ్డారు. ఆచారాలను బజారున పెట్టినదానివన్నారు. నీ మొగుడు నిన్నెట్లా ఏలుకుంటున్నాడని అడిగారు. అక్కడితో ఆగలేదు, చెప్పుకోలేని మాటలు రాశారు. ప్రసన్నకుమారికి అన్నం దిగలేదు. గదిలోకి పోయి తలుపేసుకుంటే మునిశేఖర్ బయట నిలబడి, "తలుపు తియ్ మే, నేనుండాను గదా," అని బతిమాలాడు.

అతను ఊరుకోలేదు. వెతికి వెతికి ఒక ఎక్స్‌టెన్షన్ పట్టుకొచ్చి ఆమె లాప్‌టాప్‌లో వేశాడు. దానికి కొన్ని మాటలో, మనుషుల పేర్లో నేర్పిపెడితే చాలు. ఆ మాటలున్న కామెంట్లు, ఆ పేర్లతో వచ్చిన కామెంట్లు, వాటి కింది జవాబులతో సహా పేజీలో కనబడవు. ఖాళీ కూడా మిగలదు, అక్కడ ఏమీ లేనట్టే పైదీ కిందదీ కలిసిపోతాయి. కామెంటు వచ్చిందని మెయిలుకు వచ్చే కబుర్లు కూడా ఆపేశాడు.

"వాళ్లు మొరుక్కుంటా ఉంటారు. నీకు వినపడదు. నీ పాటికి నువ్వు రాసుకో."

ఆ రోజు ఆమె భర్త చెయ్యి పట్టుకొని ఏడ్చింది. ఫోనులో ఆమె వాట్సాప్ తప్ప మరేదీ చూసేది కాదు. ఆ లాప్‌టాపే ఆమెకు లోకం. ఆ లోకం మళ్లీ ప్రశాంతంగా ఉంది.

ఆ కృతజ్ఞతతోనే కాబోలు, పెళ్లిరోజుకు భర్త మీద ఒకటి రాసింది. తనను కంటికి రెప్పలా చూసుకునేవాడని, ఈ ఇంట్లో తనకు ఒక్కనాడూ మాట పడనివ్వలేదని, ఏ జన్మలోనో పూజ చేసుకుని ఉంటానని రాసింది. దాని కింద మెచ్చుకోళ్లు బారులు తీరాయి. పెంచలయ్య మాత్రం ఏమీ రాయలేదు. మొగుడూ పెళ్లాల సంగతి గదా, పెద్దాయన మొహమాటపడ్డాడేమో అనుకుంది.

తర్వాతి దానికీ రాయలేదు. ఆ తర్వాతి దానికీ లేదు.

రెండు నెలలు చూసి, ఒక ముక్క చివర "పెంచలయ్యగారూ, కుశలమేనా? కాలు ఎలా ఉంది?" అని అడిగింది. జవాబు లేదు. పండగలు పోయాక మళ్లీ అడిగింది. "నా రాత మీకు విసుగు పుట్టిందా?" అంది. దానికీ పలుకు లేదు. మొదట కోపం వచ్చింది, తర్వాత దిగులు పట్టింది. భర్తతో చెప్పుకుంటే, "ముసిలాయన, ఏమైనాడో ఏమో. దానికి నువ్వెందుకు అన్నం మానుకునేది?" అన్నాడు.

ఒకరోజు అంగడికి ప్రింటరు కొనడానికి సత్యవేడు నుంచి ఒకాయన వచ్చాడు. భర్తకు క్యారియరు ఇవ్వడానికి పోయిన ప్రసన్నకుమారి ఆయన్ను అడిగింది.

"అన్నా, మీ ఊళ్లో పెంచలయ్య అని ఒక పెద్దాయన..."

"పెంచలయ్యా? పోయినాడు గదమ్మా. పోయిన నెలే పెద్దకర్మ గూడా అయింది."

పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్నవాళ్లు ఆ వైపు వీధికొకరు ఉంటారు. ఏ పెంచలయ్య, కాలు విరిగినాయనేనా, రైతేనా అని ఆమె అడగలేదు. క్యారియరు బల్ల మీద పెట్టేసి ఇంటికి వచ్చేసింది. రెండు రోజులు కూర్చుని 'నా తొలి పాఠకుడు' రాసింది. ఎన్నడూ చూడని ఆ చెయ్యి ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ తన కోసం కదలడం, అవ్వ కన్నీళ్లు తుడిచిన ఆ చెయ్యి ఇప్పుడు మట్టిలో కలిసిపోవడం. రాస్తున్నంతసేపూ మాటలు వాటంతట అవే దొర్లుకుంటూ వచ్చాయి.

అంత పేరు ఆమెకు ముందెన్నడూ రాలేదు. ఇంటర్నెట్టు పత్రిక ఒకటి దాన్ని మళ్లీ వేసుకుంది. మద్రాసు నుంచి, బళ్లారి నుంచి చదివి ఏడ్చామని రాశారు. ఆమె అవన్నీ లాప్‌టాప్‌లో చదువుకుంటూ తానూ ఏడ్చింది. మునిశేఖర్ వెనక నుంచి చూసి, "సూడు మే, ఎంత పేరొచ్చినాదో," అన్నాడు. ఆ మాట అంటూ అతను కళ్లు తిప్పుకున్నాడేమో, అప్పుడు ఆమె గమనించలేదు.

మరుసటి వేసవిలో తిరుపతిలో తెలుగు బ్లాగులు రాసేవాళ్లు కలుసుకుంటున్నారని పిలుపు వచ్చింది. 'నా తొలి పాఠకుడు' చదివి వినిపించమన్నారు. అంగడి వదిలి రాలేనని మునిశేఖర్ ఆమెను బస్సెక్కించాడు. బాలాజీ కాలనీలో ఒక చిన్న హాలు. యాభై మందికి మించి లేరు. ఆమె చదువుతుంటే ముందు వరసలోవాళ్లు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. వెనక ఒకమ్మాయి మాత్రం చేతులు కట్టుకుని కూర్చుని, ముగిసినాక చప్పట్లు కొట్టలేదు.

భోజనాల దగ్గర ఆ అమ్మాయే ఆకు పట్టుకుని వచ్చి పక్కన కూర్చుంది. పేరు జాహ్నవి, తిరుపతిలోనే టీచరు.

"అక్కా, ఒక మాట అడగాల. కోపం తెచ్చుకోకండి."

"అడగమ్మా."

"ఆ పెంచలయ్యగారు బతికే ఉండారు గదా. మీకు తెలిసీ అట్లే వదిలేసినారు, ఎందుకు?"

ప్రసన్నకుమారికి అర్థం కాలేదు. "ఏం మాట్లాడతా ఉండావు తల్లీ? ఆయన పోయి ఏడాది దాటింది."

"మీ రాత కిందనే ఆయన రాసినారు గదక్కా, నేను బతికే ఉండానని. మేమందరం ఆయన్ను నోటికొచ్చినట్టు తిట్టినాము. పోయినాయన పేరుతో ఆటలాడతా ఉండావా, సిగ్గులేదా అని. నేనే రాసినాను ఒకటి. తర్వాత అనుమానమొచ్చి పాతవి చూస్తే అదే ఖాతా, అదే మనిషి. నేను తప్పైపోయిందని రాసినాను. మీరు మాత్రం అటూ చెప్పలేదు, ఇటూ చెప్పలేదు. ఇప్పుడు స్టేజీ మీదికొచ్చి మళ్లీ చదివినారు. మీకెట్ల మనసొచ్చినాది?"

"నా కంప్యూటర్లో అలాంటిదేమీ లేదే."

జాహ్నవి ఆమె ముఖంలోకి చూసింది. అబద్ధం చెబుతోందా, నిజంగానే తెలియదా అని తేల్చుకోలేనట్టు చూసింది. ఎడమ చేత్తో ఫోను తీసి, పేజీ తెరిచి, ఆకు పక్కన పెట్టింది.

ప్రసన్నకుమారి అన్నంలో చెయ్యి అలాగే ఉంచి చదివింది.

పెళ్లిరోజు రాత కింద ఆయన మొదటి మాట ఉంది: "అమ్మా, ఇందులో మీ ఆయన్ను దేవుణ్ని చేసినావు. దేవుణ్ని చేస్తే మనిషి కనపడడు. ఆడది మొగుడి గురించి ఇంత తియ్యగా రాసినాదంటే యాడనో ఒకచోట భయపడతా ఉండాదని నాకు తోస్తాది. కాదంటే నన్ను తిట్టు, పడతాను."

కుశలం అడిగినదాని కింద: "బాగుండానమ్మా. కాలు అట్లే ఉండాది. నేను రాసింది నీకు కోపమొచ్చినట్టుండాది, జవాబు ఇయ్యలేదు. పెద్దోణ్ని, మన్నించు."

విసుగు పుట్టిందా అని అడిగినదాని కింద: "ప్రతిదీ చదువుతా ఉండాను, ప్రతిదానికీ రాస్తా ఉండాను. నువ్వే నన్ను చూడనట్టు చేసి మళ్లీ నన్నే అడిగితే నేనేం చెప్పేది? సత్యవేడులో రైసుమిల్లు పక్క సందు మాది. ఎప్పుడైనా రా తల్లీ, అన్నం తిని పోదువు."

'నా తొలి పాఠకుడు' కింద: "నేను బతికే ఉండానమ్మా." అంతే. దాని కింద తిట్లు. తిట్ల మధ్య మళ్లీ ఆయన: "ఒట్టు, నేనే. ఆయమ్మను అడగండి." మళ్లీ తిట్లు. అన్నిటికంటే కింద చివరిసారి: "సరే. కానీ ఒక మాట. ఇన్నాళ్లూ రాసినవాటిల్లో నువ్వు బాగా రాసింది ఇదే."

తర్వాత ఆయన ఎక్కడా లేడు.

ఆమె లేచి చెయ్యి కడుక్కుంది. సాయంత్రం సన్మానం ఉందని ఎవరో అంటున్నా వినకుండా బస్టాండుకు పోయింది.

ఇంటికి చేరేసరికి మునిశేఖర్ టీవీ ముందు కూర్చుని ఉన్నాడు. "అప్పుడే వచ్చేసినావే? శాలువా కప్పలేదా?" అన్నాడు. ఆమె చెప్పులు కూడా విప్పకుండా లాప్‌టాప్ తెచ్చి అతని ముందు పెట్టింది.

"పెంచలయ్యగారి పేరు దీనికి నేర్పింది ఎవరు?"

అతను బుకాయించలేదు. టీవీ ఆపేశాడు.

"ఆ ముసిలాయన ఏం రాసినాడో సూసినావు గదా. నువ్వు నాకు భయపడతా ఉండావంట. ఊరూవాడా సదివేచోట రాసినాడు. అంగడికొచ్చేవోళ్లు సూస్తే నా ముఖమేం గాను? ఏనాడన్నా నిన్ను ఒక దెబ్బ కొట్టినానా? గట్టిగా ఒక మాటన్నానా?"

"లేదు."

"మరి?"

"నేను ఆయన కోసం ఏడుస్తా ఉంటే చూస్తా కూర్చున్నారే. పోయినాడని రాస్తే పేరొచ్చిందన్నారే. ఆ రోజన్నా చెప్పలేకపోయినారా?"

"అప్పటికి చెయ్యి దాటిపోయినాది ప్రసన్నా. ఏమని చెప్పేది? నిజంగానే పోయినాడేమో అనుకున్నాను మొదట. తర్వాత ఆయన రాసింది సూసినాను. అప్పటికే నీకు అంత పేరొచ్చినాది. చెప్తే నువ్వు తట్టుకోలేవని..." అతను ఆగి, గొంతు తగ్గించాడు. "అంతా నీ మంచికే చేసినాను. దేవుడిమీద ఒట్టు."

అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి దొంగ నీళ్లు కావని ఆమెకు తెలుసు. కొట్టేవాడైతే ఏమనాలో తెలిసి ఉండేది.

రెండు రోజుల తర్వాత ఆమె సత్యవేడు బయల్దేరింది. కారులో తీసుకుపోతాను, నేనే కాళ్లు పట్టుకుంటాను అని మునిశేఖర్ అన్నాడు. వద్దంది. చిత్తూరులో ఒక బస్సు, పుత్తూరులో ఇంకొక బస్సు మారి, నాగలాపురం దాటినాక కిటికీలోంచి వచ్చే ఉడుకుగాలికి కొంగు కప్పుకుంటూ పోయింది. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు కూర్చుకుంది. ఏది కూర్చుకున్నా రాసినట్టే ఉంది.

రైసుమిల్లు పక్క సందులో ఇల్లు వెతుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో ఒకామె వరి నూక చెరుగుతోంది. పెంచలయ్య కోడలు సుజన ఆమే.

"పెంచలయ్యగారి ఇల్లు ఇదేనా అమ్మా? పలమనేరు నుంచి వచ్చినాను. ప్రసన్నకుమారి నా పేరు."

చేట ఆగింది. సుజన ఆమెను కింది నుంచి పైదాకా చూసింది.

"ఓహో. మా మామను చంపింది నువ్వేనా?"

ప్రసన్నకుమారి తల వంచుకుంది.

"నెల్లూరు నుంచి ఆయన స్నేహితుడు గులాబీల దండ పట్టుకోని వచ్చినాడు, తెలుసునా? ఈయనే పోయి తలుపు తీసినాడు. ఆయప్పకు గుండె ఆగిపోయినంత పనైనాది. వీధిలో ఆడుకునే పిల్లోళ్లు గూడా పోయిన తాత, పోయిన తాత అని పిలస్తా ఉండారు. నవ్వుకున్నాము మొదట. ఆ తర్వాత నీ పేజీలో దొంగోడు, మాయగాడు అని తిట్టినారు చూడు, ఆ రోజు ఈయన కూడు తినలేదు. నువ్వు వచ్చి కాదని ఒక్కమాట చెప్తావని నాకు గంటగంటకీ ఆ టాబ్లెట్టు చూపించినాడు."

"సుజనా, ఎవురమ్మా?" లోపలినుంచి గొంతు వచ్చింది.

పంచలో నవారు మంచం మీద ఆయన కాళ్లు చాచుకుని కూర్చుని ఉన్నాడు. ఆమె ఊహించుకున్న మనిషికి, ఈయనకు పోలికే లేదు. పొట్టిగా, బట్టతలతో, చొక్కా లేకుండా, చెవిలో వెంట్రుకలతో ఉన్నాడు. ఆమె పేరు చెప్పింది. ఆయన కుర్చీ చూపించాడు.

ఆమె కూర్చుని అంతా చెప్పింది. తిట్ల సంగతి, భర్త పెట్టిన ఎక్స్‌టెన్షన్ సంగతి, దానికి ఆయన పేరు కూడా నేర్పిన సంగతి, ప్రింటరు కొనడానికి వచ్చినాయన మాట. పెంచలయ్య మధ్యలో ఒక్కసారి మాత్రం ఆపాడు.

"అంటే నేను రాసేది లోకమంతా చూస్తాది. నీకొక్కదానికే కనపడదు. అట్లనా?"

"అవునండీ."

"భలే పనిముట్టు కనిపెట్టినారు," అన్నాడాయన. నవ్వలేదు. "మీ ఆయన మీద నాకు కోపం లేదు తల్లీ. మొగోడు. నా మాటకు ఒళ్లు మండినాది, నా నోటికి గుడ్డ కట్టినాడు. అది నాకు తెలిసేదే. నీ సంగతే నాకు తెలియలేదు."

"నాకు తెలిసుంటే..."

"నేను పలికింది నీకు వినపడలా, సరే. నేను పలకడం లేదని నీకు దిగులుగా ఉండాది, అదీ సరే. పలమనేరుకు సత్యవేడు ఎంత దూరమమ్మా? ఈ పొద్దు ఎట్ల వచ్చినావు?"

"బస్సులో."

"ఆ బస్సు అప్పుడు గూడా తిరగతానే ఉండె గదా."

బస్సులో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"ఎవురో అంగట్లో పోయినాడని చెప్తే, ఏ పెంచలయ్య అని అడగలా నువ్వు. ఎందుకు అడగలా? నేను ఈ మంచంలో ఆలోచించినాను. పోయినాడంటేనే నీకు రాసేదానికి బాగుండాది. బతికుండానని తెలిస్తే ఏం రాస్తావు?" ఆయన గొంతు పెంచలేదు. పొలం సంగతి చెబుతున్నట్టే చెప్పాడు. "తప్పని చెప్పడంలా. బాగా రాసినావు. నాకే కండ్లనీళ్లు వచ్చినాయి, నేను పోయినందుకు."

ప్రసన్నకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడిస్తే ఈయన ఏమంటాడో తెలుసు గనక ఏడవడానికి కూడా సిగ్గేసింది.

"మళ్లీ రాస్తారా అండీ? ఆ ఎక్స్‌టెన్షన్ తీసేశాము. మీ మాట ప్రతిదీ కనబడుతుంది. మీరు ఏమన్నా పడతాను."

"రాయనమ్మా." ఆయన తన వేలిని చూసుకున్నాడు. "నాలుగు మాటలు కొట్టేదానికి నాకు ఒక పూట పడతాది. అప్పుడు ఆడ ఒక మనిషి ఉండాదనుకోని కొట్టినాను. ఇప్పుడు చాతగాదు." కోడలి వైపు తిరిగాడు. "సుజనా, అన్నం పెట్టు. దూరం నుంచి వచ్చినాది."

"వద్దండీ, ఆకలి లేదు."

"ఇంటికొచ్చినోళ్లను ఉత్త కడుపుతో పంపే అలవాటు మాకు లేదు," అంది సుజన లోపలికి పోతూ. ఆమె గొంతులో మెత్తదనం ఏమీ లేదు. పప్పుచారు, మాగిన మామిడికాయ పచ్చడి, వేడన్నం పెట్టింది. ప్రసన్నకుమారి తలెత్తకుండా తింది. పోయొస్తానంటే పెంచలయ్య తల ఊపాడు గాని, మళ్లీ రా అనలేదు.

నివాళిని పీకేద్దామని ఆమె మొదట అనుకుంది. కానీ దాన్ని తీసేస్తే, కింద ఉన్న ఆయన మాటలూ దానితోనే పోతాయి. ఉంచితే, బతికున్న మనిషి చచ్చినట్టే ఉంటాడు. చివరికి అలాగే ఉంచి, జరిగింది జరిగినట్టు విడిగా రాద్దామని కూర్చుంది. పెంచలయ్యగారు బతికే ఉన్నారని, తాను ఆయన్ను వెతకలేదని, ఏ పెంచలయ్య అని కూడా అడగలేదని రాసింది. రాయడం ఈసారి కష్టమయింది. దొర్లుకుంటూ రాలేదు. ఒక్కొక్క మాటా పీక్కోవాల్సి వచ్చింది.

ఎక్స్‌టెన్షన్ దగ్గరికి వచ్చేసరికి మునిశేఖర్ వచ్చి పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"నేను పేరు నేర్పినానని రాస్తావా?"

ఆమె కొట్టడం ఆపింది.

"రాయి. నేను చేసిందే గదా. కాకుంటే ఒక్కటి ఆలోచించు. ఈ ఊళ్లో ప్రతి కంప్యూటర్లో నేను పెట్టినవే ఉండాయి. బ్యాంకోళ్లవి, డాక్టర్లవి, కాలేజీవి. పెళ్లాం కండ్లకే గంతలు కట్టినోడు మన మిషన్లో ఏం పెట్టినాడో అనుకుంటారు. నువ్వు రాసేది రాయి. నేనేమీ అనను."

నిజంగానే అతను ఏమీ అనలేదు. లేచి వంటింట్లోకి పోయి, ఆమె కోసం టీ పెట్టి తెచ్చి, చప్పుడు కాకుండా లాప్‌టాప్ పక్కన ఉంచి పోయాడు. ఆమె చాలాసేపు ఆ ఒక్క వాక్యం ముందు కూర్చుంది. భయం అంటే పెద్దాయన చెప్పింది ఇదేనేమో అనిపించింది. అనిపించినా, వేళ్లు మాత్రం వాటికి అలవాటైన దారినే పోయాయి. 'నా కంప్యూటరులో ఉన్న ఒక ఎక్స్‌టెన్షన్ వల్ల ఆయన మాటలు నాకు కనబడలేదు' అని రాసి, బ్లాగులో పెట్టేసింది.

మధ్యాహ్నానికి మొదలయ్యాయి. ఎంత పెద్ద మనసు అన్నారు. తప్పు ఒప్పుకునే ధైర్యం మీలాంటివాళ్లకే ఉంటుందన్నారు. 'నా తొలి పాఠకుడు' కంటే ఇదే గొప్పగా ఉందన్నారు. మధ్యమధ్య పాత తిట్లూ వచ్చాయి, ఇప్పుడవి దాక్కోలేదు. అవి చదువుతుంటే ఆమెకు ఇదివరకటంత నొప్పి కలగలేదు. మెచ్చుకోళ్లు చదువుతుంటేనే సిగ్గేసింది. ఆమె ఒక్క పేరు కోసం కిందికి, ఇంకా కిందికి చూసుకుంటూ పోయింది. ఆ పేరు లేదు.

చివర జాహ్నవి రాసింది ఉంది: "అక్కా, మీరు పోయి ఆయన్ను చూసి వచ్చినందుకు సంతోషం. ఒక్కటి అర్థం కాలేదు. ఆ ఎక్స్‌టెన్షన్లు నేనూ వాడతాను. మనం చెప్పనిదే అవి ఎవరి పేరునూ దాచవు. ఆయన పేరు దానికి ఎవరు చెప్పినారు?"

అంగడి నుంచి భోజనానికి వచ్చిన మునిశేఖర్ వెనక నిలబడి అంతా చదివాడు. "ఎంత బాగా అర్థం చేసుకున్నారో సూడు జనం," అన్నాడు, నిజమైన సంతోషంతో. తర్వాత జాహ్నవి మాట దగ్గర అతని చూపు ఆగింది. "ఈ యమ్మ ఎవురు? దీనికి జవాబు ఇయ్యకపోయినా ఏం కాదులే."

ప్రసన్నకుమారి ఆ ప్రశ్నను మరోసారి చదివింది. జవాబు రాయలేదు. లేచి అతనికి అన్నం వడ్డించడానికి పోయింది.